ఈ వీధి ఎందుకింత నిశ్శబ్దంగా ఉందో ముందు కనుక్కోండి



ఆదివారం పూట మా వీధిలోకి ఇల్లు చూడ్డానికి వచ్చే దంపతులకు, వారాంతం వచ్చిందంటే మల్కాజిగిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి చుట్టూ బండి మీద తిరిగే కుర్రాళ్లకు, డాలస్‌లోనో బెంగళూరులోనో కూర్చుని ఫోన్లో ఫొటోలు చూసి "నాన్నా, ఆ ఏరియా బాగుందటగా" అని అడిగే పిల్లలకు, అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. నిలబడి వినే తీరిక మీకూ ఉండదు, పక్కన బ్రోకరు ఉంటే అసలే ఉండదు.

కారు దిగగానే మీలో ప్రతివాళ్లూ అనే మొదటి మాట "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" బ్రోకరు ఆ మాట కోసమే కాచుకుని ఉంటాడు. ఆ క్షణాన గజానికి రెండు మూడు వేలు పెరిగిపోతాయి. మీ ముచ్చటను తప్పుపట్టను. మెయిన్ రోడ్డు మీద బస్సుల హారన్లు, ఫంక్షన్ హాలు బ్యాండు, రాత్రి పన్నెండుకు టీ కొట్టు దగ్గర బుల్లెట్ బండ్ల మోత వినీవినీ వచ్చినవాళ్లకు ఇక్కడి వేపచెట్టు, గేటు ముందు ముగ్గు, ఎవరింట్లోనో కుక్కర్ కూత వినబడేంత నెమ్మది చూస్తే ప్రాణం లేచొస్తుంది. అయితే నాయనా, తల్లీ, హైదరాబాదులాంటి ఊళ్లో ఏ వీధీ ఊరికే నిశ్శబ్దంగా ఉండదు. దానికో కారణం ఉంటుంది. కొన్ని కారణాలు మంచివి, కొన్ని మంచివి కావు, కొన్నింటికి గడువు ఉంది. డబ్బు పెట్టేముందు అదేమిటో తెలుసుకోండి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దాని వివరం.

ఈ కాలనీ పుట్టుక రెండు ముక్కల్లో చెబుతాను. ఉద్యోగుల సొసైటీ ఒకటి పట్టాదారుల దగ్గర పొలం కొని, పంచాయతీ కాగితంతో ప్లాట్లు చేసి, లాటరీ తీసి పంచింది. ఈ తూర్పు, ఉత్తర శివార్లలో చాలా కాలనీల కథ ఇంచుమించు ఇదే. ఈసీఐఎల్ వాళ్ల కాలనీకి ఆ సంస్థను నిలబెట్టిన ఏ.ఎస్. రావు గారి పేరు పెట్టుకున్నారు. సైనిక్‌పురి మాజీ సైనికులది. లాలాగూడ వర్క్‌షాపు, రైల్ నిలయం గుమస్తాలం మేము ఇటు చేరాం. అప్పట్లో ఇక్కడి నిశ్శబ్దానికి కారణం బస్సు లేకపోవడం, వీధి దీపం లేకపోవడం. ఆ నిశ్శబ్దానికి ఎవరూ డబ్బులిచ్చేవాళ్లు కారు, మా బంధువులైతే "అడవిలో కొన్నావేమిట్రా" అని నవ్వేవాళ్లు. తర్వాత మున్సిపాలిటీ పెరిగింది, 2007లో మల్కాజిగిరి సహా చుట్టుపక్కల పన్నెండు మున్సిపాలిటీలను హైదరాబాదులో కలిపి జీహెచ్ఎంసీ చేశారు, గజం ధర మాకే నమ్మకం కలగనంతగా పెరిగింది. అది వదిలేయండి.

ఇప్పటి సంగతికి వస్తాను. మా వీధి చివర నాలా ఉంది. దాని మీద కల్వర్టు లేదు. కనుక వీధిలోకి వచ్చిన బండి వచ్చిన దారినే వెనక్కి పోవాలి, ఇక్కడ పనిపడ్డవాడు తప్ప ఇంకొకడు రాడు. మీరు ముచ్చటపడే నెమ్మదిలో ముప్పాతిక వంతు దీని పుణ్యమే. రేపు కల్వర్టు వేస్తే? అవతలి కాలనీవాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, స్టేషనుకు వెళ్లడానికి వాళ్లకు పెద్ద చుట్టుతిరుగుడు తప్పుతుంది. 2020 ప్రాంతం నుంచి నగరమంతా మిస్సింగ్ లింకు రోడ్లని వేస్తూనే ఉన్నారు. అలా కలిసిన వీధుల్లో నిన్నటిదాకా పిల్లలు బ్యాట్లు పట్టుకుని తిరిగినచోట ఇవాళ వాటర్ ట్యాంకర్లు, స్కూలు బస్సులు వరుసకడుతున్నాయి. కాబట్టి మూసుకుపోయిన వీధి కనబడితే మురిసిపోకుండా సర్వే నంబరు రాసుకుని టౌన్ ప్లానింగ్ సెక్షనుకు వెళ్లండి. మాస్టర్ ప్లాన్‌లో ఈ రోడ్డు వెడల్పు ఎంత చూపారో అడగండి. ఇప్పుడు ముప్పై అడుగులున్న రోడ్డు కాగితం మీద నలభై ఉండొచ్చు. దస్తావేజులో రెండు వందల గజాలని రాసి ఉన్నా, మీరు పాతది పడగొట్టి కొత్తగా కట్టుకోవడానికి పర్మిషనుకు వెళ్లిన రోజున ముందు నుంచి ఓ ముక్క రోడ్డుకు వదలమంటారు. అమ్మేవాడు ఆ ముక్కకూ మీ దగ్గర ధర కట్టించుకునే ఉంటాడు.

నాలా గురించి ఇంకాస్త చెప్పాలి. ఇక్కడ తొందరపడకండి.

ఈ నగరం గొలుసుకట్టు చెరువుల మీద పుట్టింది. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కాలువపట్టి కింది చెరువుకు చేరాలి, అది నిండితే ఇంకో దానికి, ఆఖరికి మూసీకి. మా వైపు రామకృష్ణాపురం చెరువు, సఫిల్‌గూడ చెరువు, బండ చెరువు ఉన్నాయి. మీరు కంపు కొడుతోందని ముక్కు మూసుకునే నాలాలు చాలావరకు ఒకప్పుడు ఈ అలుగు నీళ్లు నడిచిన కాలువలే. వానాకాలంలో నీటికి ఇంకో దారి తెలియదు, ఎన్ని అపార్ట్‌మెంట్లు అడ్డొచ్చినా పాత దారినే వస్తుంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని తుడిచిపెట్టాక నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది, ఆ తర్వాతే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. పెద్ద నదికి కట్ట కట్టారు సరే, చిన్న చెరువుల్ని మాత్రం మా తరమే ప్లాట్లుగా కోసుకుంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన గుర్తుందా? ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ మునిగినప్పుడు టీవీలో చూసే ఉంటారు. మీలో కొందరు అప్పటికి కాలేజీలో ఉండి ఉంటారు. ఆ ఇళ్లలో చాలావాటికి కరెంటు మీటరు, నల్లా కనెక్షను, ఇంటి పన్ను రసీదు అన్నీ ఉన్నాయి. నీళ్లు రసీదు అడగవు.

మా వీధిలోనే నడిచి చూడండి, దీనికి ఇంజనీరు అక్కర్లేదు. పాత ఇళ్ల గేట్ల దగ్గర ఆగి కిందికి చూడండి. మేం కట్టుకున్నప్పుడు రోడ్డు మీంచి మూడు మెట్లెక్కి గడప దాటేవాళ్లం. తర్వాత ప్రతి కార్పొరేటరూ ఒకసారి సీసీ రోడ్డు వేయించాడు. పాతది తవ్వకుండా దాని మీదే ఇంకో పొర. తవ్వితే ఖర్చు, టెండరులో అది ఉండదు. ఇప్పుడు కొన్ని ఇళ్లలోకి దిగాల్సి వస్తోంది. నాలా వైపు ఆఖరి నాలుగిళ్ల గేట్ల కింద అడ్డంగా జానెడు ఎత్తు సిమెంటు కట్ట కనబడుతుంది, స్కూటరు దాటించడానికి దానికి అటూ ఇటూ పలక వాలుగా వేశారు. అలంకారానికి ఎవరూ అలా కట్టరు. కాంపౌండ్ గోడ మీద మోకాలెత్తున రంగు మారిన చార ఉందేమో చూడండి. ఇంటివాళ్లు లోపలికి పిలిస్తే ఫ్రిజ్ కింద, బీరువా కింద ఇటుకలున్నాయేమో చూడండి. కొత్తగా పెయింట్ వేసిన ఇల్లయితే గోడ కింది భాగానికి మాత్రం టైల్స్ ఎందుకు అతికించారో అడగండి. ఇవన్నీ ఫొటోల్లో పడవు. మీరు వచ్చేది ఎండ కాసే ఆదివారం, అందుకే మీకు నాలా పక్కన ఇల్లంటే "వెనకాల ఎవరూ కట్టరు, గాలి బాగా వస్తుంది" అని చెబుతారు. ఎవరూ కట్టరన్నది నిజమే, ఎందుకు కట్టరో కూడా చెప్పాలి కదా.

రూలు ఏమంటుందో తెలుసుకుని ఉంచుకోండి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, జీవో 168 అంటారు, వాటి ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కన్నా వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతలోపు నాలాకు 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు నిలిచే హద్దు, మీరు మే నెలలో వెళ్లినప్పుడు కనిపించే ఒడ్డు కాదు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక జనం ఈ అక్షరాలు నేర్చుకున్నారు. అంతకుముందు ఎఫ్‌టీఎల్ అంటే ఏదో కొరియర్ కంపెనీ అనుకునేవాళ్లు. చెరువుల హద్దుల మ్యాపులు హెచ్‌ఎండీఏ వెబ్‌సైటులో పెట్టింది, చూసుకోండి. ఇంకో మాట, పాత రెవెన్యూ రికార్డు పహాణీలో శిఖం భూమి అని కనబడితే ఎవరెన్ని తీపి మాటలు చెప్పినా లేచి వచ్చేయండి. శిఖం పట్టా అంటే చెరువు ఎండినప్పుడు పంట వేసుకునే హక్కు, ఇల్లు కట్టుకునే హక్కు కాదు.

రెండోవైపు మూడో ఇల్లు చూశారా, మామిడిచెట్టు గోడ మీంచి వీధిలోకి వాలిన ఇల్లు? మీలో చాలామంది దాని ముందే ఫొటో దిగుతారు. అక్కడ చప్పుడు లేకపోవడానికి కారణం తాళం. ఆ పెద్దాయన పోయి కొన్నేళ్లయింది, ఆయన భార్య కూతురి దగ్గర ఉంటోంది, కొడుకులు అమెరికా. వీధిలో ఇలాంటి తాళాలు ఇంకా ఉన్నాయి. తాళం వేసిన ఇల్లు చవకగా వస్తుందని ఎవరైనా అంటే నమ్మండి, కాని చవక ఎందుకో కూడా వినండి.

తండ్రి స్వార్జితం, వీలునామా రాయకుండా పోయాడనుకోండి. భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి ఉంటే ఆమె, అందరికీ సమాన వాటా. మనవాళ్లు ఆడపిల్లల సంతకాలు లేకుండా అమ్మేయబోతారు. "మా చెల్లికి పెళ్లప్పుడే ఇచ్చేశాం సార్, ఆమె ఏమీ అనదు" అంటారు. అనదేమో. ఆమె అల్లుడు అంటాడు. పదేళ్ల తర్వాత మీ గేటుకు కోర్టు నోటీసు అంటిస్తారు. వారసులంతా దస్తావేజు మీద సంతకం పెట్టాల్సిందే, ఫోన్లో "ఓకే" చెబితే చాలదు. విదేశంలో ఉన్నవాళ్లు రాలేకపోతే అక్కడి మన కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపించాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇది చాలామందికి తెలియదు. జీపీఏ కాగితం చేతిలో పెట్టి, డబ్బు తీసుకుని, రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దామనే బేరాలు ఇంకా జరుగుతున్నాయి. అలాంటి కాగితంతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

పన్ను సంగతి ఒకటి. యాభై లక్షలు, ఆపైన ఇల్లు కొంటే ధరలో 1 శాతం టీడీఎస్ కొన్నవాళ్లే కోసి కట్టాలని మీకు తెలిసే ఉంటుంది, లోన్ ఇచ్చే బ్యాంకువాడు గుర్తు చేస్తాడు. కాని అమ్మే ఆయన విదేశంలోనే స్థిరపడిన ఎన్ఆర్ఐ అయితే ఆ ఒక్క శాతం లెక్క చెల్లదు, అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ రేటు, యాభై లక్షల పరిమితి కూడా ఉండదు. కోయకపోతే ఇన్‌కమ్ ట్యాక్సు వాళ్లు వెతికేది డాలస్‌లో ఉన్న ఆయన్ని కాదు, ఈ వీధిలో ఉన్న మిమ్మల్ని. అడ్వాన్సు ఇచ్చేముందే ఆడిటర్ దగ్గర కూర్చోండి.

ఇక అందరికన్నా ఎక్కువగా మీరు పొరబడేది ఒంటి అంతస్తు ఇళ్ల విషయంలో. ఎడమవైపు వరుసంతా పాత డాబాలే, ముందు కొబ్బరిచెట్టు, పక్కన పారిజాతం, మేడ మీద వడియాలు. చూడముచ్చటగానే ఉంటుంది. ఆ నిశ్శబ్దానికి గడువు ఉందని చెప్పాను చూడండి, అది ఇదే. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లకు డెబ్బై దాటాయి. మోకాళ్లు పనిచేయవు, పెచ్చులు ఊడుతున్నాయి, పిల్లలు ఇక్కడికి రారు. బిల్డరు వచ్చి "అంకుల్, మీరు పైసా పెట్టొద్దు, సగం ఫ్లాట్లు మీవి" అంటే కాదనడానికి వాళ్లకేం పట్టింది? డెవలప్‌మెంటుకు ఇస్తారు. ఇవ్వడం తప్పనీ అనను, మందుల ఖర్చు నాకూ తెలుసు. కాని మీరు కోటిన్నర పెట్టి కొన్న ప్రశాంతత పక్కవాళ్ల మోకాళ్ల మీద ఆధారపడి ఉందని మీకు తెలియాలి.

అప్పుడేమవుతుందో కళ్లారా చూశాను. ఒకరింటి చోట ఐదంతస్తులు లేచాయి, స్టిల్టు పార్కింగు, పైన మళ్లీ పెంట్‌హౌసు. రెండొందల గజాల స్థలానికి అన్ని అంతస్తులకు పర్మిషన్ రాదు. రాకపోయినా కడతారు, తర్వాత క్రమబద్ధీకరణ వస్తుందని ధీమా. 2007లో ఒకసారి వచ్చింది, 2015లో బీఆర్ఎస్ అని ఇంకోసారి వచ్చింది (పార్టీ కాదు, అంతకుముందే పుట్టిన బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీము). ఆ రెండోదాని దరఖాస్తులు హైకోర్టు కేసులో చిక్కుకుని ఏళ్లకేళ్లు నలిగాయి. మీరు ఇల్లు కాకుండా అలాంటి బిల్డింగులో ఫ్లాటే కొనుక్కుంటుంటే ఆమోదించిన ప్లాన్ కాపీ పట్టుకుని కింది నుంచి అంతస్తులు లెక్కపెట్టండి. ప్లాన్‌లో లేని అంతస్తులో మీ ఫ్లాటుంటే ధర తగ్గించమని అడగడం కాదు, వద్దనండి. పెంట్‌హౌసు అయితే ప్లాన్ చూడాల్సిన పని కూడా తక్కువే.

చుట్టుపక్కల వాళ్లకు కష్టం ఎత్తుతో రాలేదు, నీళ్లతో వచ్చింది. ఇల్లొక్కటి ఉన్నచోట పది కాపురాలు దిగాయి, బిల్డరు బోరు వెయ్యి అడుగులు దింపాడు. ఎండాకాలం రాగానే చుట్టూ మూడు నాలుగిళ్ల బోర్లు గాలి కొట్టాయి. నీరు, భూమి, చెట్ల కోసం చేసిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, బోరుకు అనుమతి కావాలంటుంది, రిగ్గు లారీ మాత్రం రాత్రి పదకొండింటికి వచ్చి తెల్లారేలోపు వెళ్లిపోతుంది. ఆ ఒక్క రాత్రి చప్పుడే చాలు, ఎన్నేళ్ల నిశ్శబ్దాన్నయినా దిగమింగడానికి. డ్రైనేజీ పైపు ఒక్కో ఇంటికి ఒక్కో కుటుంబం అన్న లెక్కతో వేసింది. ఇప్పుడు మ్యాన్‌హోలు పొంగితే మెట్రో వాటర్ బోర్డుకు ఫోన్ చేయడం మా అసోసియేషనుకు ఉద్యోగమైపోయింది. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. మీరు చూసే ఇంట్లో సంపు ఎన్ని వేల లీటర్లో అడగండి, మూత తీయించి చూడండి, మొహమాటపడకండి. ఇంటీరియర్‌కు పదిహేను లక్షలు కేటాయించినవాళ్లు సంపు మూత ఎత్తి చూడకుండా పోవడం నాకు ఇప్పటికీ వింతే.

వాస్తు గురించి అడుగుతారు కదా. ఈశాన్యం పెరిగిందా, వీధిపోటు ఉందా అని మా వీధిలోకి టేపు పట్టుకుని వచ్చిన సిద్ధాంతులకు లెక్క లేదు. నమ్మకముంటే చూపించుకోండి, నేనేమీ అనను. ఆ సిద్ధాంతిగారికి ఇచ్చేదాంట్లో సగమైనా ఖర్చుపెట్టి మంచి వకీలు చేత లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పట్టిక) చదివించండి. ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి మాన్యువల్‌గా తీయించాలి. మాలాంటి పాత కాలనీలకు అది కావాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో కూడా చూడాలి. బ్యాంకు లోన్ ఇచ్చింది కాబట్టి టైటిల్ క్లియర్ అనుకోకండి. బ్యాంకు చూసేది దాని అప్పు వసూలవుతుందా అని.

డబ్బు మాట చెప్పి తీరాలి, పెద్దవాడిగా చెప్పకపోతే తప్పు. ఎనభై లక్షల లోన్, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు అనుకోండి. నెలకు దాదాపు 69,400 రూపాయలు. మొత్తం కట్టేది కోటీ అరవై ఆరు లక్షల పైచిలుకు. దానికి ముందు రిజిస్ట్రేషన్ కింద ఏడున్నర శాతం, అది లోన్‌లో రాదు, చేతి నుంచే పెట్టుకోవాలి. "కొంత వైట్, కొంత బ్లాక్" అనే పెద్దమనిషి ఎదురైతే ఒక్క మాట చెప్పండి: స్థిరాస్తి బేరంలో ఇరవై వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం 2015 నుంచి నేరుగా పెనాల్టీకి దారి. పైగా రేపు మీరు అమ్ముకునేటప్పుడు ఆ నల్ల డబ్బు మీరు కొన్న ధరలో కనబడదు, లాభం ఎక్కువగా తేలి పన్ను మీరే కట్టుకుంటారు.

నా వయసువాళ్లంతా "అద్దె కట్టడం దండగ, ఆ డబ్బేదో ఈఎంఐ కట్టుకోరాదూ" అంటారు. నేను అనను. కోటి పెట్టి కొన్న ఇంటికి ఇక్కడ నెలకు పాతికవేలు అద్దె రావడం గగనం. అంటే ఆ ఇంట్లో ఉండే సుఖం అద్దెకు చాలా చవకగా దొరుకుతోందన్నమాట. కాబట్టి నా మాట విని, నచ్చిన వీధిలో ముందు ఏడాది అద్దెకు దిగండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం, ఒక వినాయక చవితి చూడండి. మండపం మైకు ఏ ఇంటి కిటికీ వైపు తిప్పుతారో, ట్యాంకరు బుక్ చేస్తే ఎన్ని రోజులకు వస్తుందో, ఏ ఇంటివాళ్లు చెత్త నాలాలో విసురుతారో ఏ సేల్ డీడూ చెప్పదు. ఏడాదిలో రేటు పెరిగిపోతుందని బ్రోకరు బెదిరిస్తాడు. పెరగనివ్వండి. తప్పు ఇల్లు తక్కువ రేటుకు దొరికినా తప్పు ఇల్లే.

అద్దెకు దిగే ఓపిక కూడా లేదంటే వీధి మొదట్లో వేపచెట్టు కింద ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషిని పలకరించండి. నాలుగు చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చి పక్కన నిలబడండి. ఎవరింట్లో ఎవరున్నారు, ఎవరు ఖాళీ చేస్తున్నారు, ఎక్కడ అన్నదమ్ములకు పడటం లేదు, ఏ ఇల్లు బిల్డరు అగ్రిమెంటులో ఉందీ అతనికి తెలిసినంత మా అసోసియేషన్ ప్రెసిడెంటుకు తెలియదు. బట్టల మూటను బట్టి లెక్క కట్టేస్తాడు. అడగ్గానే చెప్పడు, మంచివాడు. కాని మీరు కొనబోయే ఇంటి పేరు ఎత్తినప్పుడు బొగ్గుల పెట్టె పక్కన పెట్టి మీ మొహం వైపు చూశాడంటే ఆ చూపు చదువుకోండి.

ఇంత భయపెట్టాక కొనొద్దని చెబుతున్నాననుకోకండి. రమ్మనే చెబుతున్నాను. రాత్రి తొమ్మిదికి మా వీధిలో నడిస్తే సగం ఇళ్లలో దేవుడి గదిలో తప్ప దీపం ఉండదు. ఎవరికైనా ఆయాసం వస్తే అంబులెన్సుకు దారి చూపించడానికి వీధిలోకి పరిగెత్తే కాళ్లు తక్కువైపోయాయి. ఈ రకం నిశ్శబ్దాన్ని మెచ్చుకుంటే నాకు ఒళ్లుమండుతుంది. ముసలాళ్లు మాట్లాడటం మానేసినందువల్ల వచ్చిన ప్రశాంతత అది. మాకు కావలసింది సాయంత్రం ఐదింటికి బంతి వచ్చి నా కుండీ పగలగొట్టడం, దాని గురించి మీతో నేను పోట్లాడటం. ఇల్లు కొని అద్దెలకిచ్చి మీరు గచ్చిబౌలిలో ఉంటే మాకేం లాభం? కొన్నవాళ్లు కాపురముంటే వీధి నిలుస్తుంది, పెట్టుబడి కోసం కొన్నవాళ్లు తాళాలు పెంచుతారు.

వచ్చాక మీరు చేయాల్సినవి చెబుతాను, తప్పుపట్టకండి. రెండో కారు కొనేముందు దాన్ని పెట్టుకునే చోటు మీ గేటు లోపల ఉందో చూసుకోండి, పక్కవాళ్ల ముగ్గు మీద కాదు. రోడ్డు మీదికి ర్యాంపు కట్టి వాన నీటిని ఎదుటింటికి మళ్లించకండి. ఇంకుడు గుంత తవ్వించి దాని మీద టైల్స్ వేసి మూయకండి. ఎదురింటి పెద్దావిడ ఫోన్ నంబరు, ఆమె కూతురి నంబరు మీ దగ్గర ఉంచుకోండి, మీ తాళం చెవుల జత ఒకటి ఆమెకు ఇవ్వండి. అసోసియేషన్ మీటింగుకు నెలకోసారి రండి, వాట్సాప్ గ్రూపులో బొటనవేళ్లు పెట్టినంత మాత్రాన మ్యాన్‌హోలు మూత రాదు. మా పేర్లు మీకు గుర్తుండవు, "అంకుల్, ఆంటీ" అంటారు. పరవాలేదు. పిలవడం ముఖ్యం.

ఇంకో పని. సొసైటీ వేసిన అసలు లేఅవుట్ కాపీ నా దగ్గర ఉంది, గుడ్డ మీద అంటించిన పాత ట్రేసింగు. పార్కు ఎక్కడ చూపారో, కమ్యూనిటీ హాలు స్థలం ఎక్కడో, నాలా అప్పట్లో ఎంత వెడల్పో అందులో ఉంది. ఇప్పుడు అమ్మకానికి వచ్చిన మూలబిట్టు దానిలో ఏ రంగులో ఉందో మీరే చూసుకోవచ్చు. ఆదివారం రావద్దు, ఆ రోజు నాకు ఒక్క క్షణం తీరదు. నల్లా వచ్చే రోజు పొద్దున ఏడింటికి రండి, ప్రెషర్ కూడా మీ కళ్లతో చూసినట్టవుతుంది. బ్రోకరును వీధి మొదట్లోనే వదిలేసి రండి. ఈసీ ప్రింటు, సేల్ డీడ్ జిరాక్సు వెంట తెచ్చుకోండి. లేఅవుట్‌ను ఫొటో తీసుకోవచ్చు, ఒరిజినల్ మాత్రం గడప దాటనివ్వను. ఇదివరకు ఒకాయన తీసుకెళ్లి ఆర్నెల్లకు తెచ్చిచ్చాడు.

మీ శ్రేయోభిలాషి,
నాలాకు ఇవతల, ఎడమవైపు డాబా ఇంటి తాతయ్య